ముందు బెంచీ పిల్ల

"హంతకులకి నేను ఇల్లు అద్దెకివ్వను," అంది ఇంటావిడ, గేటు గడియ తీయకుండానే.

నటుడు బిత్తరపోయాడు. ఆవిడ వెనక హాల్లో టీవీ మోగుతోంది. తెరమీద ఏళ్ల కిందటి తనే, తెల్లకోటు వేసుకుని, మందుల షాపు కౌంటరు వెనక నిలబడి ఉన్నాడు.

"అమ్మా, అది సీరియల్ అండీ. నేను నటుణ్ణి."

"తెలుసు. నాకేం మతిపోలేదు. కానీ ఆ డాక్టరుగారి కాఫీలో విషం కలిపింది నువ్వేనని నా అనుమానం. అది తేలేదాకా నీ మొహం చూస్తే నాకు ముద్ద దిగదు. నిన్ను తెచ్చి పక్క వాటాలో ఎలా పెట్టుకోమంటావు?"

ఆ సీరియల్ మొదటిసారి వచ్చినప్పుడు ఆవిడ బళ్లో లెక్కల టీచరు. ఇంటికొచ్చాక కూడా పేపర్లు దిద్దుకోవడమే సరిపోయి ఒక్క ఎపిసోడ్ చూడలేదు. ఊరంతా హంతకుడెవరని కొట్టుకు చస్తుంటే తను మాత్రం మార్కులు వేసుకుంటూ కూర్చుంది. రిటైరయ్యాక, ఇప్పుడు మధ్యాహ్నం పూట పాతవన్నీ మళ్లీ వేస్తుంటే కరువు తీరా చూస్తోంది.

నటుడికేమో ఆ ఇల్లు తప్పనిసరిగా కావాలి. వాళ్లావిడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. ఉంటున్నది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. పాపం, పగలంతా కిటికీ పట్టుకుని వీధిలో పోయేవాళ్లని చూస్తూ కూర్చుంటోంది. మెట్లు లేని గుమ్మం ఆ చుట్టుపక్కల ఇదొక్కటే దొరికింది.

"అమ్మా, ఒట్టు, చంపింది నేను కాదు. అసలు ఆ చంపింది..."

"నోరు ముయ్యి!" ఆవిడ రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. "ముగింపు చెప్పావంటే ఇల్లు మాట దేవుడెరుగు, ఈ వీధిలోకే రానివ్వను. ఈ వారంతో అయిపోతుంది. అందాకా ఇంకెవరికీ ఇవ్వనులే. కావాలంటే రోజూ వచ్చి కూర్చో. అనుమానితుడు కళ్లెదుట ఉండటమే మంచిది."

మర్నాటి నుంచి నటుడు కుర్చీ అంచున ఒదిగి కూర్చుని తన పాత సీరియల్ తనే చూడసాగాడు. ఆవిడ తెరని చూసి ఇతన్ని, ఇతన్ని చూసి తెరని చూసేది.

"ఇదిగో, ఇక్కడ! ఇన్‌స్పెక్టరు ఆ మందు ఎవరికి అమ్మావని అడగ్గానే నువ్వు జవాబు చెప్పలేదు. అద్దం తుడిచావు. తుడిచిన చోటే మళ్లీ తుడిచావు. అది డైరెక్టరు చెప్పాడా?"

నటుడు చటుక్కున ఆవిడ వైపు తిరిగాడు. "లేదు పిన్నిగారూ. నేనే అనుకుని చేశాను. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కరు కూడా అడగలేదు."

"అడగకపోవడమేమిటి! ఎంతమంది కాపీరాయుళ్లని పట్టుకున్నాను నేను. గుండెల్లో గుబులున్నవాడు ఏదో ఒకటి తుడుస్తూనే ఉంటాడు. అచ్చం అలాగే చేశావు. అంత బాగా చేశావు కనకే నీకు ఇల్లివ్వనంటున్నాను."

అంత గొప్ప ప్రశంస అతనికి జీవితంలో దక్కలేదు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

డాక్టరుగారి చెల్లెలు తెరమీదికి వస్తే మాత్రం ఆవిడ మొహం వెలిగిపోయేది. "'వేడి చల్లారకముందే తాగు అన్నయ్యా' అని ఎంత ముద్దుగా అంటుందో చూడు! ముందు బెంచీలో చేతులు కట్టుకుని కూర్చునే పిల్లలా లేదూ? ఇలాంటి అమ్మాయి అద్దెకొస్తే నా వాటా తాళాలు కూడా ఆమెకే ఇచ్చేస్తాను."

నటుడు ఏదో అనబోయాడు. ఆవిడ చేతులు చెవుల దాకా వెళ్లడం చూసి నీళ్లు నమిలాడు.

"పోనీ నేనొచ్చి మాట్లాడనా? పెద్దవాళ్లు నా మాట కాదనరు," అంది ఆ రాత్రి ఇంట్లో అతని భార్య.

"నువ్వు కదలకు తల్లీ. ఉన్న కట్టు చాలు మనకి."

చివరి ఎపిసోడ్ రోజున ఆవిడ ఫోను తీసి పక్కన పెట్టేసింది. వీధి తలుపు వేసేసింది. తెరమీద ఇన్‌స్పెక్టరు మందుల షాపు దాటి, నౌకర్ని దాటి, నేరుగా వెళ్లి డాక్టరుగారి చెల్లెలి ముందు ఆగాడు. చెల్లెలు తొణక్కుండా బెణక్కుండా చిరునవ్వు నవ్వి రెండు చేతులూ ముందుకు చాపింది.

ఇంటావిడ లేచి టీవీ కట్టేసింది.

"ముందు బెంచీ పిల్లే కాపీ కొట్టిందా!" అంది. "అంత సర్వీసులో నన్నెవ్వరూ ఇలా బురిడీ కొట్టించలేదయ్యా. ఒక్క రెప్ప తడబడలేదు. మహాతల్లి, ఏం చేసింది! చెయ్యెత్తి మొక్కాలి. కానీ చెబుతున్నాను, ఇక జన్మలో ఆ మొహం ఎదురుగా ఉంటే మంచినీళ్లు కూడా తాగలేను."

ఆవిడ లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి నటుడి చేతిలో పెట్టింది. "నిన్ను ఉత్తినే అనుమానించాను బాబూ, ఏమీ అనుకోకు. రేపే వచ్చెయ్యండి."

"పిన్నిగారూ, ఒక్క మాట..."

"ఇంకేం చెప్పకు. నాకు సిగ్గుగా ఉంది."

నటుడికి కిటికీ దగ్గర కూర్చున్న భార్య కళ్లముందు మెదిలింది. గుప్పిట మూసేశాడు.

మర్నాడు పొద్దున్నే సామాను వ్యాన్ గేటు ముందు ఆగింది. "నేను పిలిచేదాకా దిగకు," అని భార్యకి చెప్పి, పరుపు నెత్తిన పెట్టుకుని అతను లోపలికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి వ్యాన్‌లో ఆమె లేదు. చంకలో కర్ర, చేతిలో ఫ్లాస్కుతో ఆమె అప్పటికే ఇంటావిడ వాటా గుమ్మం ముందు నిలబడి ఉంది. లోపల గడియ తీస్తున్న చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

"పిన్నిగారూ, మా కోసమని ఇల్లు ఎవరికీ ఇవ్వకుండా ఆపారట. మీ మేలు మరచిపోలేను. నా చేత్తో కాఫీ కలిపి తెచ్చాను, వేడి చల్లారకముందే తాగండి," అంది డాక్టరుగారి చెల్లెలు.