పోతూ పోతూ చుక్క మోసినది

ఎండలు మండిపోతున్న అడవిలో మద్దిచెట్టు కొమ్మకు ఒక తేనెపట్టు వేలాడుతుండేది. అందులో నీళ్లు మోసే పని పసుపురెక్క అనే తేనెటీగది. వాగు నుంచి పొట్టలో నీళ్లు పట్టుకొచ్చి, పిల్లల గదుల అంచులకు పూసేది. మిగతా ఈగలు రెక్కలతో విసిరేవి. చూస్తుండగానే తడి ఆరిపోయేది.

"ఇంత కష్టపడి తెస్తే గాలిపాలు చేస్తారా!" అని ఒకరోజు దానికి ఒళ్లు మండింది. తెచ్చిన నీళ్లన్నీ ఖాళీ గదుల్లో పోసి, తేనెకు వేసినట్టే మైనంతో మూతలు వేసేసింది.

మధ్యాహ్నానికి పట్టు మెత్తబడి జారసాగింది. గదుల్లో పిల్లలు సొమ్మసిల్లాయి.

"గదుల నిండా నీళ్లున్నాయి కదా పెద్దమ్మా, ఇంకా ఈ వేడేమిటి?" అని పసుపురెక్క ముసలి ఈగ దగ్గర ఏడ్చింది.

"మూత కింద నీళ్లు ఊరికే కాగుతాయే పిచ్చిదానా! పోనిస్తేనే చల్లబరుస్తాయి. ముందు మూతలు తియ్యి!"

పసుపురెక్క మూతలు కొరికేసి, నీళ్లు పలచగా పూసింది. రెక్కలన్నీ ఒక్కసారిగా ఆడాయి. దాని కళ్ల ముందే ఒక చుక్క సన్నబడి, సన్నబడి, మాయమైంది. అది ఉన్నచోట కాలు పెట్టి చూస్తే వాగులో రాయిలా చల్లగా ఉంది. పక్క గదిలో పిల్ల కదిలింది.

"వేడంతా ఏమైంది పెద్దమ్మా?"

"చుక్క పోతూ పోతూ మోసుకుపోయింది."

పసుపురెక్క రెక్కాడించడం మరచి పైకి చూసింది. అక్కడ ఏమీ కనబడలేదు.

ఇన్నాళ్లూ ఆ పట్టులో బరువు మోసేది తానొక్కతేననుకుంది.