గుండాయన ప్రశ్నలు

“కాలు తీసేయాలమ్మా,” అంది డాక్టర్ స్రవంతి.

“ఎవురి కాలు?” అంది పంకజాక్షి, అయోమయంగా.

“మీ సిన్నోడిదే. ముందుకాలి ఎముకలో కాన్సర్. ఇంకా ఊపిరితిత్తులకు పాకలేదు. కాలు తీసేసి, ఆ తర్వాత నాలుగు విడతలు మందు ఎక్కిస్తే కొన్నాళ్లు సుఖంగా బతుకుతాడు. అన్నీ కలిపి డెబ్బై వేల దాకా అవుతుంది.”

“ఏమీ సెయ్యకపోతే?”

“నొప్పితో అల్లాడిపోతాడు. అప్పుడు ఇంజక్షన్ ఇచ్చి పంపించేయడమే. ఆలోచించుకోండి.”

సిన్నోడంటే కొడుకు కాదు, కుక్క. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో పంకజాక్షి చేతి ముద్దలు తిని పెరిగిన కుక్క. వ్యాన్ మాట్లాడుకుని తిరుపతి పశువుల ఆసుపత్రి దాకా తెచ్చుకుంది.

వరండాలోకి వచ్చి మొగుడికి ఫోన్ చేసి, కాన్సర్, కాలు తీయడం, మందు ఎక్కించడం అన్నీ చెప్పింది.

“కుక్కకి డెబ్బై వేలా! పిచ్చిగానీ పట్టిందా నీకు?” గురప్ప అరుపు వరండా అంతా వినిపించింది. “మూడుకాళ్ల కుక్క తోటకి ఏం కాపలా కాస్తాది?”

“నా పుట్టింటోళ్లిచ్చిన ఆవును అమ్మి తెచ్చినా. నీ దుడ్డు కాదులే!” అని ఫోన్ పెట్టేసింది.

పెట్టేసిందే గానీ, వెంటనే లోపలికి వెళ్లలేకపోయింది. దుడ్డు పోతే పోనీ. వాడి కాలు కోయించి, సూదులు పొడిపించి, పాపం ఏమైనా మూటగట్టుకుంటోందా తను? నోరులేని జీవి, వద్దని చెప్పలేదు కదా!

ఎదురు బెంచీ మీద ఒకాయన కూచున్నాడు. నున్నటి గుండు. కాళ్ల దగ్గర బలంగా ఉన్న ఒక ఎర్రకుక్క.

తిరుపతిలో గుండు కనబడితే ఎవరైనా ఏమనుకుంటారు? పంకజాక్షీ అదే అనుకుంది.

“సామీ, ప్రసాదముంటే రవ్వంత పెట్టు. మావోడి నోట్లో వేస్తా.”

“తేలేదమ్మా,” అన్నాడాయన.

కొండ దిగి వచ్చి లడ్డు తేకపోవడమేమిటి? పిసినారి, అనుకుంది.

“కాలు తీయించెయ్ తల్లీ,” అన్నాడాయన మెల్లగా. “ఆ నొప్పి పోతే సాలు, మూడు కాళ్ల మీద ఉరుకుతాడు. మందెక్కిన రెండో రోజు అన్నం వాసన కూడా గిట్టదు. బలవంతం సెయ్యొద్దు. సల్లగా మజ్జిగన్నం పెట్టు. నోరంతా ఇనుము నమిలినట్టు ఉంటాది పాపం.”

“కుక్క నీకు సెప్పిందా?”

ఆయన నవ్వేశాడు. ఆ నవ్వు చూస్తే పంకజాక్షికి కాస్త ధైర్యం వచ్చింది. ఇతనూ ఏ కుక్కకో చేయించే ఉంటాడు. లోపలికెళ్లి సంతకం పెట్టేసింది.

సిన్నోడిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేశారు.

ఇక చూడండి ఆమె అవస్థ! కూచోలేదు, నిలబడలేదు. లోపల గిన్నె చప్పుడైనా తలుపు దగ్గరికి పరుగెత్తుతోంది. మత్తులోంచి లేవకపోతే? గురప్పకి ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

“ఇల్లు తోటలోనేనామ్మా?” గుండాయన అడిగాడు.

“ఆఁ.”

“చుట్టుపక్కల ఇళ్లున్నాయా?”

“లేవు.”

“రాత్రిళ్లు ఎవరెవరుంటారు?”

పంకజాక్షి తల తిప్పి చూసింది.

“ఇంకో కుక్కేమైనా ఉందా? రాత్రుల్లో కట్టేస్తారా, వదిలేస్తారా?”

అమ్మో! ఆవునమ్మిన దుడ్డు సంగతి ఫోన్లో విన్నాడు. తోటలో ఒంటరి ఇల్లు. కాపలా కుక్క ఇక్కడ బల్ల మీద పడుంది. ఇంతకంటే ఏం కావాలి దొంగకి?

“నీ కుక్కకేం జబ్బు?” అని నిలదీసింది.

“ఏం జబ్బూ లేదమ్మా.”

“మరి ఆసుపత్రిలో ఏం పని నీకు? గుండు కొట్టించుకుని సామి పేరు సెప్పుకుని ఇండ్ల గుట్టు లాగేదానికి వచ్చినావా? లెయ్యప్పా ఈడనుంచి! లేస్తావా, నలుగుర్ని పిలవమంటావా?”

అప్పటికే అందరూ ఇటే చూస్తున్నారు. కాంపౌండర్ ఢిల్లీబాబు పరుగెత్తుకొచ్చాడు.

ఆయన బెంచీ పట్టుకుని లేచాడు. ఎర్రకుక్కతో మెల్లగా గేటు దాటి వెళ్లిపోయాడు. పీడా వదిలింది అనుకుంది పంకజాక్షి.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

“బాగా జరిగిందమ్మా. కళ్లు తెరిచాడు,” అంది డాక్టర్.

పంకజాక్షి గోడకానుకుని భోరున ఏడ్చింది. ఆ ఏడుపులో భయమంతా కొట్టుకుపోయింది.

డాక్టర్ వరండా అంతా కలియజూసింది. “రవిచంద్ర గారేరీ? ఎర్రకుక్కతో ఉండాలే, గుండాయన?”

“ఆ దొంగోడా? నేనే తరిమేసినా మేడం. మా ఇంటి ఆరాలన్నీ తీసినాడు.”

డాక్టర్ ముఖం పాలిపోయింది.

“అయ్యో, ఎంత పని చేశారమ్మా! ఆ కుక్కకి ఇల్లు వెతుకుతున్నాడాయన. అప్పుడప్పుడు వచ్చి ఇక్కడ కూచుని, వచ్చేపోయేవాళ్లని చూసుకుంటాడు. ఆపరేషన్ ముందు నా దగ్గరికి వచ్చి, ‘కుక్క కోసం ఆవునమ్ముకున్న తల్లి కనిపించింది డాక్టరమ్మా, అడిగి చూస్తా’ అన్నాడు.”

పంకజాక్షి గేటు దాకా పరుగెత్తింది. రోడ్డు మీద బస్సులు, ఆటోలు, జనం. ఎటు చూసినా గుండ్లే. ఎర్రకుక్క మాత్రం ఎక్కడా లేదు.

రొప్పుతూ వెనక్కి వచ్చింది.

“నంబరుందా మేడం?”

“లేదమ్మా. నాయుడుపేట అని మాత్రం తెలుసు. ఇంత జరిగాక ఇంకోసారి వస్తాడో రాడో.”

“బంగారం లాంటి కుక్క కదా మేడం! దాన్ని ఇంకొకరికి ఇచ్చెయ్యాలని ఎందుకనిపించిందో ఆయనకి?”

డాక్టర్ గేటు వైపు చూసింది.

“అది మొక్కు గుండు కాదమ్మా, కాన్సర్ మందుకి జుట్టు రాలిపోయింది; ఆ మందూ ఇక పనిచేయదని ఆయనకి చెప్పేశారు.”