నాలుగో లైను బిళ్ళ

ఆ సాయంత్రమే సర్కారు అత్యవసర అధికారాల కింద కరెంటు సరఫరా మొత్తాన్నీ చేతిలోకి తీసుకుంది. ఇక పైనుంచి ఫోనులో చెప్పింది చెప్పినట్టు చేయాల్సిందే. ఎదురు ప్రశ్న వేయకూడదు.

రాత్రి సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. ఫోను మోగింది.

"నాలుగో లైనుకి కరెంటు వదులు."

"సార్, మా బావ మరమ్మతుకి స్తంభం ఎక్కాడండి. స్విచ్చికి తన పేరు బిళ్ళ తగిలించి వెళ్ళాడు. తనొచ్చి తీస్తేగానీ నేను ముట్టుకోకూడదు."

"వచ్చి తీసేసుకున్నాడుగా. చూడు."

వెనక్కి తిరిగాడు. స్విచ్చి కొక్కేనికి బిళ్ళ లేదు. స్విచ్చి అప్పటికే వేసి ఉంది.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. దూరంగా స్తంభం మీద బావ టార్చి వెలుగుతూనే ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

ఆ వెలుగు మెల్లగా పైకి ఎక్కుతోంది. స్తంభం అయిపోయాక కూడా ఎక్కుతూనే ఉంది.