పాపన్న గొడ్డలి ఎంపిక

పాపన్న అనే ముసలి ఎలుగుబంటి చలి ముదరకముందే కట్టెలు కొట్టుకోవాలి. దానికో చిన్న గొడ్డలి కావాలి. అడవికంతటికీ కమ్మరి కోతి ఒక్కడే. వెనకోసారి వాడిచ్చిన గొడ్డలికి పిడి ఊడిందని పాపన్నకు పదేళ్లుగా వాడిమీద గుర్రు. అయినా గతిలేక కొలిమికి పోయాడు.

“పదును మాటల్లో కాదురా, బొచ్చు గొరిగితే తెలుస్తుంది,” అంటూ చేతికొచ్చిన ప్రతి గొడ్డలితోనూ తన ఒళ్లే గొరిగి చూసుకున్నాడు. ముప్పయ్యో గొడ్డలి దగ్గరికొచ్చేసరికి గొరగడానికి ఒంటిమీద ఏమీ మిగల్లేదు.

“అన్నీ తెగుతున్నాయిగా పెదనాయనా, ఏదో ఒకటి తీసుకుపో. వణుకుతున్నావు,” అన్నాడు కోతి.

“అప్పుడు పిడి ఊడింది. ఇప్పుడు నా బొచ్చు ఊడింది. నీ పనితనం ఏమీ మారలేదురా,” అని పాపన్న పళ్లు టకటకలాడించుకుంటూ, గొడ్డలి తీసుకోకుండానే గుహదారి పట్టాడు.