డెన్నీ పట్టని ద్వారం

మధ్యాహ్నం భోజనాల వేళ. షెడ్డులో ఎవరూ లేరు. అయినా కడుతున్న పడవ లోపలి నుంచి ఎవరో తడుతున్నారు.

షెడ్డు బయట కూర్చుని తింటున్న ఫోర్‌మన్ లిన్‌వుడ్ నమలడం ఆపి చెవి ఒగ్గాడు. టక్, టక్. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ టక్, టక్. సుత్తి కాదు, పిడికిలి.

నిచ్చెనెక్కి పడవ ముందుభాగంలోని క్యాబిన్‌లోకి తొంగిచూశాడు. రంగులేసే ఆల్వెర్టా చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"ఏమ్మా, తిండి మానేసి ఇక్కడేం చేస్తున్నావ్?"

"బయటికి వినబడిందా లిన్‌వుడ్ గారూ?"

"వినబడబట్టేగా వచ్చాను."

"మా డెన్నీ తట్టిందీ వినబడిందట. ఎవరూ ఏం చెయ్యలేకపోయారు."

అతను నిచ్చెన మీదే ఆగిపోయాడు. ఆల్వెర్టా క్రిస్‌ఫీల్డ్ అనే రేవు ఊరి నుంచి వచ్చి వసంతంలో పనిలో చేరిన మనిషి. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఇప్పుడు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఆమె కొడుకు డెన్నీ ఇలాంటి చిన్న యుద్ధపడవ మీదే ఉండేవాడు. దెబ్బ తగిలి పడవ పక్కకు ఒరిగింది. డెక్కు మీదున్నవాళ్లు నీళ్లలోకి దూకారు. లోపలున్న డెన్నీ డెక్కు మీదికి తెరుచుకునే హ్యాచ్ అనే ఇరుకు ద్వారం దాకా వచ్చాడు గానీ, చలికోటుతో భుజాలు అందులో పట్టలేదు. పడవ పూర్తిగా మునిగేదాకా తడుతూనే ఉన్నాడు.

"కోటు విప్పెయ్యొచ్చుగా అంటారు. తడిసిన కోటు, నడుము దాకా నీళ్లు. చేతులాడతాయా?"

లిన్‌వుడ్ తను తొంగిచూస్తున్న హ్యాచ్ అంచుల వైపు చూశాడు. చేరిన కొత్తలో ఆమె ఒకసారి ఇదే హ్యాచ్ చూపించి, కోటు వేసుకున్న మనిషి ఇందులో పడతాడా అని అడిగింది. "రంగు నీది, కొలతలు నమూనా గీసినవాళ్లవి" అని అతను నవ్వేశాడు. ఎందుకు అడిగిందో ఇప్పుడు అర్థమైంది.

అమెరికా తీరంలోని ఆ పడవల యార్డు రెండో ప్రపంచయుద్ధానికి ముందు డబ్బున్నవాళ్లకు షికారు పడవలు కట్టేది. ఇప్పుడు మిత్రదేశాలకు టార్పెడో పడవలు కడుతోంది. మొదటి విడత ఇంగ్లండు వాళ్లకు పోయింది, ఈ విడత రష్యా వాళ్లకు.

డెన్నీ సంగతి వారం తిరక్కుండా యార్డంతా పాకింది. వడ్రంగులు పడవ అడుగుభాగంలో ఒంటరిగా పనిచెయ్యడం మానేశారు.

"నిన్న నాకూ వినబడిందయ్యా," అన్నాడు బర్లీ అనే వడ్రంగి.

"ఎలకలై ఉంటాయి," అన్నాడు లిన్‌వుడ్.

"ఎలకలు ఆగి ఆగి తడతాయా?"

ఇంట్లో స్నానాలగది గొట్టాల్లోంచి కూడా అదే చప్పుడు వస్తోందని లిన్‌వుడ్ భార్యకు కూడా చెప్పలేదు.

పడవలు తీసుకెళ్లడానికి రష్యన్ నావికులు వచ్చారు. దూది కుట్టిన లావుపాటి కోటు వేసుకున్న ఒక కుర్రాడు లోపలికి దిగి చూసి, పైకి వస్తూ హ్యాచ్‌లో ఇరుక్కుపోయాడు. తోటివాళ్లు పడీపడీ నవ్వుతూ ఒక చెయ్యి పట్టి లాగారు. వాడూ నవ్వుతూ లోపలి నుంచి రెండో చేతి పిడికిలితో డెక్కును తట్టాడు.

యార్డు వాళ్లలో ఒక్కరూ నవ్వలేదు. రంగులేసే ఒకామె కుంచె వదిలేసి బయటికి వెళ్లిపోయింది.

లిన్‌వుడ్ తిన్నగా తనిఖీ అధికారి ప్రూయిట్ గదికి వెళ్లాడు.

"హ్యాచ్ వెడల్పు చెయ్యాలి సార్."

"డ్రాయింగ్ మనది కాదు లిన్‌వుడ్, ఇంగ్లండు వాళ్లది. మార్చాలంటే సముద్రం అవతలి నుంచి అనుమతి రావాలి. ఆలోగా పడవలు వెళ్లిపోవాలి."

"అయితే హ్యాచ్‌లు మీరే బిగించుకోండి. మావాళ్లెవరూ ముట్టుకోరు."

"యుద్ధకాలంలో పని ఆపితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్."

డెన్నీ సంగతి ప్రూయిట్ చెవినా పడింది. ఆల్వెర్టాను పిలిపించాడు.

"మీ అబ్బాయి ఏ పడవ మీద ఉండేవాడమ్మా?"

"అడక్కండి సార్. ఆ పేరు నా నోట రాదు."

"వయసు?"

"ఇరవై నిండలేదు. భుజాలు మాత్రం వాళ్ల నాన్నవే. చొక్కా కుడదామంటే గుడ్డ చాలేది కాదు."

ప్రూయిట్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"కోసెయ్యండి," అన్నాడు లిన్‌వుడ్‌తో. "చుట్టూ గట్టి దూలం వెయ్యండి. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను."

పడవలు వెడల్పాటి హ్యాచ్‌లతో వెళ్లిపోయాయి. చలికాలం రాగానే ఆల్వెర్టా పని మానేసి ఊరెళ్లిపోయింది. గొట్టాల్లో చప్పుడు మాత్రం లిన్‌వుడ్‌ను వదల్లేదు.

మరుసటి ఏడు ఇంకో విడత కోసం వచ్చిన రష్యన్ అధికారి, దుబాసీ చేత అతన్ని వెతికించి మరీ చెయ్యి కలిపాడు. ఉత్తర సముద్రాల్లో వాళ్ల పడవ ఒకటి నీటి మందుపాతర తగిలి ఒరిగిపోయిందట. ముందు క్యాబిన్‌లో ఉన్నవాళ్లంతా కోట్లతోనే హ్యాచ్‌లోంచి బయటపడ్డారట. పాత కొలత అయితే ఒక్కడూ మిగిలేవాడు కాదన్నాడు.

ఆ ఆదివారమే లిన్‌వుడ్ క్రిస్‌ఫీల్డ్ వెళ్లాడు. ఆల్వెర్టా భర్త రేవు దగ్గర కూర్చుని పీతలు పట్టే తీగబుట్టలు బాగుచేసుకుంటున్నాడు.

"ఆవిడ చర్చికెళ్లింది. మీరెవరు?"

"యార్డులో ఫోర్‌మన్నండి. ఒక కబురు చెబుదామని వచ్చాను."

జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన చేతుల్లో తీగ కదలడం ఆగిపోయింది.

"ఆ కుర్రాళ్లంతా మీ డెన్నీ వల్లే బతికారండి. ఇంకో తల్లికి ఆ కడుపుకోత లేకుండా చేశాడు. మీకిద్దరికీ ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను."

పెద్దాయన బుట్ట పక్కన పెట్టి లేచాడు.

"మాకసలు పిల్లలే పుట్టలేదండి," అన్నాడు.