లేని స్తంభం

ఫోన్ తెర మీద హారతి మూడు అడుగులు పరుగెత్తింది. మూడో అడుగుకు ఎవరినో తప్పించుకున్నట్టు పక్కకు ఒరిగి, అప్పుడు ఎగిరి బంతిని కొట్టింది.

అక్కడ ఎవరూ లేరు.

విజయశ్రీ ఆ వీడియోను నాలుగోసారి చూసింది. దాని కింద హారతి తన గొంతు రికార్డు చేసి పంపింది.

"మేడం, కొత్త సార్ అందరి ముంగట అడిగిండు, ఎవర్ని తప్పించుకుంట పోతున్నవ్ అని. క్యాంపుల నా పేరు బైపాస్ అయింది మేడం! మొదటి సార్ సూటిగా ఉరుకుమన్నడు. నేర్చుకునేలోపల ఆయనను మార్చిన్రు. తర్వాతొచ్చిన మేడం వంకరే మంచిది, ఎదుటోళ్లకు సమజ్ కాదు అన్నది. నాలుగు నెలలకు ఆమె గూడ పోయింది. గీ సార్ మల్ల సూటిగా అంటుండు. ఇయ్యాల పదింటికి ఆఖరి మ్యాచ్. సాయంత్రం ఇండియా టీమ్ పద్నాలుగు పేర్లు చెప్తరు. నేనెట్ల ఉరుకాలె? మీరే చెప్పుండ్రి."

విజయశ్రీ గుజరాత్‌లో వలస నేత కార్మికులుండే భేస్తాన్‌లో తెలుగు బడి ఆటల టీచరు. హారతి చేతికి మొదటిసారి వాలీబాల్ ఇచ్చింది ఆమే.

ఆ వంపు ఎక్కడిదో ఆమెకు తెలుసు.

బడి కోర్టుకు ఎడమగీత పక్కనే కరెంటు స్తంభం ఉండేది. ఎడమవైపు నుంచి వచ్చి కొట్టే పిల్లలంతా దాన్ని తప్పించుకుని రావాల్సిందే.

ఎవరి తలా పగలకుండా ఆమె భర్త ఉమాకాంత్, తను మరమగ్గాలు నడిపే సాంచాల కార్ఖానా నుంచి చీరల పీలికలు తెచ్చి స్తంభానికి మనిషెత్తున చుట్టాడు. ఎరుపు, పసుపు, జరీ.

"చూసి ఉరుకుండ్రి. పెండ్లిపిల్ల మీద పడకుండ్రి" అనేవాడు.

నిరుడు నేల కింద వైర్లు వేసి స్తంభం తీసేశారు.

ఉమాకాంత్ నాలుగు నెలల కింద పోయాడు. చివరి రోజుల్లో గాలి కోసం అతని మంచం గుమ్మానికి అడ్డంగా వేశారు. లోపలికి వెళ్లాలంటే గోడను రాసుకుంటూ పోవాల్సి వచ్చేది. ఆ మంచం ఇప్పుడు మరిది ఇంట్లో ఉంది.

ఆమె బడికి వెళ్లేసరికి పిల్లలు నెట్ కట్టేశారు.

సంతోషి పరుగెత్తి వచ్చింది. ఈ ఏడే బడిలో చేరిన పిల్ల. మూడో అడుగుకు పక్కకు ఒరిగింది.

"గట్లెందుకు వంకర పోతున్నవే?"

"వీడియోల హారతక్క గట్లనే పోతది మేడం."

"ఇక్కడ ఏముండెనో తెలుసా?"

"ఏముండె?"

స్తంభం ఉన్న చోట గుండ్రంగా సిమెంటు మచ్చ మిగిలింది.

విజయశ్రీ కొంగు దోపుకుంది. వెనక్కి వెళ్లి, నేరుగా ఆ మచ్చ మీదికే చూస్తూ పరుగెత్తింది.

ఆమె కాలు దాన్ని తొక్కలేదు.

"మీరు గూడ గట్లనే పోయిన్రు!" సంతోషి చప్పట్లు కొట్టింది.

ఆ వంపు తను నేర్పిందా, స్తంభం నేర్పిందా? అది తప్పా? తప్పయితే, అదే ఆ పిల్లను అంత దూరం ఎట్లా తీసుకెళ్లింది?

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది.

"మేడం, బస్సు వచ్చింది. జల్ది చెప్పుండ్రి."

"హారతీ, అక్కడ స్తంభం లేదు."

"నాకెరికే మేడం. కాలుకు ఎరికైతలేదు."

వెనక ఎవరో "బైపాస్, చలో!" అని అరిచారు.

"సూటిగా ఉరుకు బిడ్డా."

"పక్కానా మేడం?"

విజయశ్రీ సిమెంటు మచ్చ వైపు చూసింది.

"పక్కా."

సాయంత్రం ఇంటి మెట్ల దగ్గర ఉండగా మెసేజ్ వచ్చింది.

"పేరున్నది మేడం!! పద్నాలుగోది. ఎనిమిదిసార్లు సూటిగా ఉరికిన, ఒక్క పాయింట్ రాలే. ఆఖరి బంతికి యాద్ మరిచి వంకర పోయిన. గదొక్కటే పడ్డది. సార్ ఏమన్నడో ఎరికేనా? సూటిగా ఉరుకుడు నేర్చుకున్నవ్, గందుకే తీసుకున్న అన్నడు. మరి రేపటిసంది ఎట్ల ఉరుకాలె?"

విజయశ్రీ ఏదో రాసింది. చెరిపింది. మళ్లీ రాసింది.

"సంతోషం బిడ్డా" అని మాత్రం పంపింది.

తాళం తీసి, చెప్పులు విడిచి, గోడను రాసుకుంటూ లోపలికి వెళ్లింది.