నిండని ట్యాంకు

“మళ్ళీ ఎర్ర లైటే! సింకులో చుక్క నీళ్ళు పొయ్యబాక, అబిగయీలూ,” అన్నాడు కిషోర్ బాబు.

ముచ్చటపడి కొన్న బండి అది, లోపలే వంటా పడకా ఉండే ఇల్లులాంటిది. నిన్న మైపాడు తీరాన సరుగుడు తోపులో ఆపారు. గిన్నెలు కడిగిన నీళ్ళు బండి కింది ట్యాంకులో చేరతాయి. అది నిండితే ట్యాంకులోని మీటరు కనిపెట్టి, బండిలో ఎర్ర లైటు వెలిగిస్తుంది. సముద్రం ఎదురుగానే ఉన్నా ఆయన చూపంతా ఆ లైటు మీదే.

“పొద్దున్నే ఖాళీ చేసినా కదా, అప్పుడే ఎట్టా నిండింది?”

“మీ మీటరు, మీరే చూసుకోండి,” అంది భార్య అబిగయీలు, మడత కుర్చీలో కాళ్ళు చాపుకుని.

కిషోర్ బాబు బండి కిందికి దూరి, ట్యాంకు మీద వేళ్ళతో కొట్టి చూశాడు. ఖాళీ డబ్బాలా మోగింది.

“ఇందులో ఏమీ లేదే!”

“చేపల పులుసు నూనె లోపల మీటరుకు అతుక్కుని ఉంటది. సబ్బునీళ్ళు పోసి కడిగితే పోద్ది.”

“నీకు ముందే తెలుసా? మరి చెప్పలేదేంది?”

“లైటు వెలిగినప్పుడల్లా గిన్నెలు మీరే బోరింగు కాడికి ఎత్తుకపోయి తోముతా ఉండారు. పెళ్ళైనాక, తిన్నచోటే ఇట్టా కాసేపు కూర్చునింది ఇప్పుడేనండీ.”

కిషోర్ బాబు బండి కింద నుంచి బయటికొచ్చాడు. లోపలికెళ్ళి సబ్బు సీసా అందుకున్నాడు. కాసేపు చేతిలో తిప్పి, మళ్ళీ అరలో పెట్టేశాడు. పులుసు చట్టిలో పైకి తేలిన నూనెను జాగ్రత్తగా సింకులోకి వంపాడు.

ఎంగిలి గిన్నెలు ఎత్తుకుని బోరింగు వైపు నడుస్తూ, “మీటరు చెప్పేదే నిజం, అబిగయీలూ. ట్యాంకు నిండింది,” అన్నాడు.